ఇంటి చదువుకు ఖర్చెంత?

బద్ర్ యుద్ధం హిజ్రీ 2వ సంవత్సరంలో జరిగింది. మక్కా సైన్యంలో సుమారు 70 మంది ముస్లిముల చేతికి ఖైదీలుగా చిక్కారు. స్తోమత ఉన్నవారి నుంచి వెయ్యి దిర్హములు మొదలుకొని నాలుగు వేల దిర్హముల దాకా విడుదల పరిహారం తీసుకున్నారు. చేతిలో పైకం లేకపోయినా చదవటం, రాయటం వచ్చిన ఖైదీలకు దైవప్రవక్త (స) మరో దారి చూపారు. ఒక్కొక్కరు మదీనా పిల్లలు పదిమందికి అక్షరాలు నేర్పాలి. అదే వారి పరిహారం. అలా అక్షరాలు దిద్దినవారిలో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) కూడా ఉన్నారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. తరువాతి కాలంలో దివ్య ఖుర్‌ఆన్‌ను ఒక్కచోట సంకలనం చేసే బాధ్యత ఆయనకే అప్పగించబడింది.

మదరసాలో ఈ సంఘటన చదివినప్పుడు మేము విద్యకున్న ఘనత గురించే ఆలోచించాము. అందులో ఒక ఖర్చు లెక్క కూడా ఉన్నదని మాకు తోచింది చాలా ఆలస్యంగా, మా పిల్లలకు మేమే ఇంట్లో చదువు చెప్పవలసి వచ్చినప్పుడు. మదీనావారు రావలసిన పరిహారం వదులుకున్నారేగాని, పిల్లల చదువు కోసం చేతిలోంచి ఒక్క దిర్హం తీయలేదు. ఊళ్ళో ఎవరి దగ్గర ఏ విద్య ఉన్నదో చూసి దాన్నే పైకంగా చెల్లుబాటు చేశారు.

నడిచి వెళ్ళే దూరంలో మంచి బడి ఉన్నవారు ఇది చదివి పిల్లలను బడి మాన్పించవద్దని ముందుగానే మనవి చేస్తున్నాము. బడికి బడే సాటి. ఏదో ఒక కారణంగా పిల్లల చదువు ఇంట్లోకి వచ్చి పడిన కుటుంబాలు మన సమాజంలో చాలా ఉన్నాయి. హిఫ్జ్ కోసం మూడు, నాలుగు సంవత్సరాలు బడి మానిన అబ్బాయిలు, ఏడో తరగతితోనో ఎనిమిదో తరగతితోనో ఆగిపోయిన అమ్మాయిలు ప్రతి మొహల్లాలోనూ కనబడతారు. వారి తల్లిదండ్రుల కోసమే ఈ నాలుగు మాటలు.

మా కర్నూలు ఇంటి సంగతి ఇది. కరోనా సెలవుల తరువాత 2021లో బడి తెరిచే నాటికి మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి దాటింది. రెండేళ్ళ ఫీజు బకాయి మొత్తం కడితేగాని టి.సి. ఇవ్వమన్నారు బడివారు. లాక్‌డౌన్‌లో మాకు వచ్చింది సగం జీతం. మా అబ్బాయి నాలుగో తరగతిలో బడి మాని హిఫ్జ్ పూర్తి చేసుకుని అప్పుడే ఇంటికి వచ్చాడు. ముప్ఫై పారాలు కంఠతా వచ్చినవాడికి ఏడో ఎక్కం రాదు. చిన్నమ్మాయి ఒక్కతే బడికి పోతున్నది. అలా మా ఇల్లు సగం బడి అయింది.

పోగొట్టుకున్న సంవత్సరం

మొదట మేము చేసిన తప్పు చెప్పుకోవాలి. ఇంట్లో చదివిన పిల్లలు ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చునని విన్నాము. ఒక సెంటరు అతను స్వయంగా ఇంటికి వచ్చాడు. అడ్మిషను, పుస్తకాలు, పరీక్ష అన్నీ కలిపి అమ్మాయికి పన్నెండు వేలు, అబ్బాయికి పన్నెండు వేలు అన్నాడు. పాసు గ్యారంటీ అన్నాడు. అప్పటికి మావాడికి పదమూడేళ్ళు కూడా నిండలేదు. పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలన్నది నిబంధన. "వయసు సంగతి నేను చూసుకుంటాను మౌల్వీసాబ్, మీకెందుకు?" అన్నాడు. అనుమానం అక్కడే రావలసింది. రాలేదు. మా ఇంటావిడ చీటీ పాడిన డబ్బు ఇరవై నాలుగు వేలు అతని చేతిలో పెట్టాము. రసీదు అడగటానికి మొహమాటపడ్డాము.

పరీక్షలు దగ్గరపడినా హాలుటికెట్టు రాలేదు. నెట్ సెంటరుకు వెళ్ళి వెతికిస్తే ఇద్దరి పేర్లూ ఎక్కడా లేవు. అసలు దరఖాస్తే పెట్టలేదు. అతని ఫోను మోగుతూనే ఉన్నది గాని ఎత్తినవాడు లేడు. డబ్బు పోతే పోయిందనుకున్నాము. అయితే సంవత్సరం పొడవునా తెల్లవారుజామున లేచి చదివిన అమ్మాయికి ఏమని చెప్పాలి? తను ఏమీ అనలేదు. పుస్తకాలన్నీ సర్ది అలమారా పైన పెట్టేసింది. రెండు నెలల పాటు వాటిని దించలేదు. ఆ రెండు నెలలు మాకు ఇరవై నాలుగు వేలకన్నా ఎక్కువ బరువయ్యాయి.

కాబట్టి తెలిసిన సంగతులు వివరంగా రాస్తున్నాము. మనకు రెండు దారులున్నాయి. ఒకటి కేంద్ర ప్రభుత్వపు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ. ఇది 1989లో నేషనల్ ఓపెన్ స్కూలుగా మొదలైంది. ఎన్.ఐ.ఓ.ఎస్. అంటారు. రెండోది రాష్ట్రపు ఓపెన్ స్కూలు సొసైటీ. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 1991 నుంచి ఉన్నది. తెలంగాణలో విడిగా ఉన్నది. ఎన్.ఐ.ఓ.ఎస్.లో పదో తరగతికి ఐదు సబ్జెక్టులు చాలు. ఒక భాష తప్పనిసరి, రెండు దాకా తీసుకోవచ్చు. ఆ భాషల జాబితాలో తెలుగుతోపాటు ఉర్దూ, అరబీ కూడా ఉన్నాయి. హిఫ్జ్ చేసిన పిల్లలకు ఇది ఎంత కలిసివస్తుందో చెప్పనక్కరలేదు. పరీక్షలు ఏడాదికి రెండు దఫాలు జరుగుతాయి. ఒకసారి పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కరలేదు. ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. అమ్మాయిలకు అడ్మిషను ఫీజు తక్కువ. పాఠ్యపుస్తకాలు ఆ ఫీజులోనే వస్తాయి. అవే పుస్తకాలు వారి వెబ్‌సైటులో ఉచితంగా కూడా దొరుకుతాయి.

దరఖాస్తు మన చేతులతో మనమే పెట్టుకోవాలి. చేతకాకపోతే పక్కన కూర్చుని పెట్టించుకోవాలి. డబ్బు కట్టిన రసీదు, దరఖాస్తు నంబరు అదే రోజు కాగితం మీదకు తీయించి ఇంట్లో దాచుకోవాలి. పుట్టినతేదీ సర్టిఫికెట్టు ముందే సిద్ధం చేసుకోవాలి. మన పిల్లల విషయంలో మరో చిక్కున్నది. ఒక కాగితంలో షేక్, ఇంకోదానిలో షైక్, మూడోదానిలో అసలు ఇంటిపేరే ఉండదు. పేరులో ఇంగ్లీషు అక్షరాలు అన్నిటిలోనూ ఒక్కటిగా ఉండేటట్లు ముందే సవరించుకోకపోతే తరువాత కార్యాలయాల చుట్టూ తిరిగే ఖర్చు పరీక్ష ఫీజును మించిపోతుంది. 2022లో మేమే స్వయంగా అమ్మాయికి దరఖాస్తు పెట్టాము. అడ్మిషను, పరీక్ష ఫీజు అన్నీ కలిపినా సెంటరు అతనికి ఒక్కరికి ఇచ్చినదానిలో మూడో వంతు కూడా కాలేదు.

ఖాతా పుస్తకం

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పును కాగితం మీద రాసుకోవటం గురించి. ఎన్నోసార్లు పాఠం చెప్పిన ఆ ఆయత్ రసీదు లేని ఇరవై నాలుగు వేలు పోయాక మాకు బాగా అర్థమైంది. అప్పటి నుంచి మా ఇంట్లో చదువు ఖర్చుకు విడిగా ఒక ఖాతా పుస్తకం పెట్టాము. రాసే పని పెద్దమ్మాయిది. కుడివైపు ఖర్చు, ఎడమవైపు ఆ ఖర్చుతో ఏమి నేర్చుకున్నారో ఒక ముక్క. ఎడమవైపు ఏమీ రాయలేని ఖర్చులు ఎన్నో తేలాయి. రంగురంగుల చార్టులు, మూడు రకాల గైడ్లు, సగం కూడా దిద్దని కాపీరైటింగు పుస్తకాలు.

ఒకరోజు టై కట్టుకున్న ఒక కుర్రవాడు వచ్చి టాబ్లెట్ కొంటే పిల్లలకు పాఠాలన్నీ అందులోనే ఉంటాయన్నాడు. కంతుల మీద ఇస్తాడట. వడ్డీ లేదన్నాడు. మా ఇంటావిడ పరదా వెనక నుంచే "రొక్కం ఇస్తే ధరెంత, కంతులకైతే మొత్తం ఎంత?" అని అడిగింది. రెండూ చెప్పాడు. "ఏ ధర ఖాయమో తేల్చకుండా ఒక కంతు ఆలస్యమైతే పైన ఇంత అని వేస్తారా, లేదా?" అని మళ్ళీ అడిగింది. వేస్తారన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. రాష్ట్ర ప్రభుత్వపు పాఠ్యపుస్తకాలు, దీక్షా యాప్‌లోని పాఠాలు పైసా ఖర్చు లేకుండా ఇంట్లో ఉన్న పాత ఫోనులోనే వస్తాయని ఆ తరువాత మా అమ్మాయే కనిపెట్టింది. ఫోను చేతికిస్తే వేరే సంగతులూ చూస్తారు గదా అంటే, అది నిజమే. అసర్ నుంచి మగ్రిబ్ దాకా, అదీ వసారాలో కూర్చుని చూడాలని నియమం పెట్టాము. అప్పుడప్పుడు ఆ నియమం తప్పుతుంది.

పుస్తకాల కోసం రద్దీ కొట్టుకు వెళ్ళటం మొదలుపెట్టాము. కిలో లెక్కన తూచి ఇస్తాడు. ఒక మంచి అట్లాసు, రెండు ఇంగ్లీషు డిక్షనరీలు, ఎవరో శ్రద్ధగా పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్న తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం అలా దొరికాయి. ఆ గుర్తులు మావాళ్ళకు గైడుకన్నా ఎక్కువ ఉపయోగపడ్డాయి. హైదరాబాదులో ఉన్నవారికి ఆదివారం ఉదయం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉన్నది.

లెక్కలకు మాత్రం మనిషి కావలసి వచ్చింది. మా వీధి చివర రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. ఫీజు సంగతి అడగటానికి వెళితే ఆయన నవ్వి, "మౌల్వీగారూ, నాకు గజళ్ళంటే ప్రాణం. అర్థం కొంత తెలుస్తుంది, లిపి రాదు. మీరు నాకు అలిఫ్, బే నేర్పండి, నేను మీ పిల్లలకు లెక్కలు చెబుతాను" అన్నారు. వారానికి మూడు రోజులు ఆయన మా వసారాలో, రెండు రోజులు మేము ఆయన అరుగు మీద. అరవై ఆరేళ్ళ వయసులో ఆ మనిషి పలక పట్టుకుని జీమ్, చే, హే, ఖే దిద్దుతుంటే మాకు బద్ర్ ఖైదీల సంగతే గుర్తుకు వచ్చింది. ఇక్కడ ఖైదీలు ఎవరూ లేరు గాని బేరం మాత్రం అదే. తరువాత పక్కింటి పిల్లలు ఇద్దరు, మసీదు ముఅజ్జిన్‌గారి అబ్బాయి కూడా వచ్చి చేరారు. ముఅజ్జిన్‌గారు డబ్బు ఇవ్వలేరు. మా మిద్దె మీది కారే రేకులు బాగు చేసి ఇచ్చారు.

మసీదు నీడలో సైన్సు

పిల్లలకు చేతులతో చేసి చూపే చదువు కావాలంటారు. ఆ సామాన్ల పెట్టె బజారులో రెండు, మూడు వేలు. మన మసీదు గోడ మీద వేలాడే నమాజు వేళల పట్టిక అంతకన్నా పెద్ద ప్రయోగశాల అని మా ఉద్దేశం.

ఒక అడుగు పొడవున్న కర్రను మిద్దె మీద నిటారుగా నాటించాము. నీడ కొసలో బొగ్గుతో గుర్తులు పెట్టమన్నాము. నీడ అన్నిటికన్నా పొట్టిగా అయ్యే వేళ జవాల్. అది సరిగ్గా 12 గంటలకు అవుతుందని మావాడి నమ్మకం. కర్నూలులో మే నెలలో చూస్తే 12 గంటల 15 నిమిషాల ప్రాంతంలో అయింది. గడియారం తప్పా, సూర్యుడు తప్పా? మాస్టారు అట్లాసు తెరిపించారు. మన దేశపు గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత మన రాష్ట్రంలో కాకినాడకు దగ్గరగా పోతుంది. కర్నూలు 78 డిగ్రీల దగ్గర ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 18 నిమిషాలు తేడా. సూర్యుడి నడకలో కాలాన్ని బట్టి వచ్చే చిన్న తేడా ఆ రోజుల్లో మూడు నిమిషాలు తగ్గిస్తుంది. వెరసి 15. ఆ రోజు నుంచి విజయవాడలో అజాన్ ముందు, మా ఊళ్ళో వెనక ఎందుకో మావాడు ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పటం మొదలుపెట్టాడు.

కర్నూలులో మే 3, 4 తేదీల్లోనూ, ఆగస్టు 9 ప్రాంతంలోనూ జవాల్ వేళకు కర్ర నీడ పూర్తిగా మాయమవుతుంది. సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. హైదరాబాదులో ఇది మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో జరుగుతుంది. ఆ రోజు నీడ కర్రకు సమానమైతే షాఫయీల అసర్, కర్రకు రెండింతలైతే హనఫీల అసర్ మొదలవుతుంది. ఒక అడుగు కర్ర, ఒక టేపు చాలు. మిగతా రోజుల్లో జవాల్ నీడను కలుపుకోవాలి. ఎందుకు కలపాలో పిల్లలే చెప్పేటట్లు చేయండి, మీరు చెప్పకండి.

ఇంకొక రోజున్నది. మే 27, 28 తేదీల్లో సూర్యుడు పవిత్ర కాబా గృహానికి సరిగ్గా పైన ఉంటాడు. మన గడియారంలో అది మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు. జులై 15, 16 తేదీల్లో 2 గంటల 57 నిమిషాలకు మళ్ళీ అలాగే ఉంటాడు. జులైలో మబ్బులుంటాయి గనుక మే నెలే నయం. ఆ నిమిషాన కర్ర నీడ ఎటు పడుతుందో దానికి సరిగ్గా ఎదురుదిక్కు ఖిబ్లా. మేము పిల్లలతో గీత గీయించి చూశాము. మసీదు సఫ్ సరిగానే ఉన్నది. మా ఇంట్లో జానమాజు మాత్రం ఇన్నేళ్ళుగా అచ్చంగా పడమరకు పరుస్తున్నాము. కర్నూలు నుంచి ఖిబ్లా పడమరకు దాదాపు 15 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. కొంచెం తేడా ఉన్నా నమాజుకు భంగం లేదని ఫిఖహ్ చెబుతుంది గాని, పిల్లలు జానమాజును జరిపి పరిచినప్పుడు వారి ముఖాల్లో కనబడిన సంతోషం ఏ సామాన్ల పెట్టె కొన్నా రాదు.

శుక్రవారం ప్రయాణం

ఊళ్ళు తిప్పి చూపటం కూడా చదువే. మా ఊళ్ళో కొండారెడ్డి బురుజు ఉన్నది. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గోపురం ఉన్నది. రెండూ నడిచి చూడవచ్చు. ఇంకా దూరం పోదామని 2023 డిసెంబరులో హైదరాబాదు ప్రయాణం పెట్టుకున్నాము. మదరసా సెలవు గనుక శుక్రవారం ఎంచుకున్నాము. నేరుగా సాలార్‌జంగ్ మ్యూజియం గేటు దగ్గరకు పోతే తాళం. శుక్రవారం దానికి సెలవు. 1951లో ప్రారంభమైన మ్యూజియం, ఈ సంగతి లోకానికంతా తెలుసు, మౌల్వీసాబుకు తప్ప. గడియారంలోంచి గంటకొకసారి బయటకు వచ్చే బొమ్మను చూద్దామని నెలరోజులుగా కలవరిస్తున్న చిన్నమ్మాయి ఏడుపు అందుకున్నది.

మక్కా మసీదులో జుమా చదువుకుని చార్మినార్ ఎక్కాము. పురాతత్త్వశాఖ కట్టడాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు. మావాడు ఆ గీత దాటి నాలుగు నెలలైంది, వాడికి టికెట్టు తీశాము. చార్మినార్ కట్టింది 1591లో, హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం దగ్గర. అప్పటి నుంచి క్రీస్తుశకంలో ఎన్నేళ్ళు గడిచాయి, హిజ్రీలో ఎన్ని గడిచాయి అని అడిగాము. 432 ఏళ్ళు ఒకచోట, 445 ఒకచోట వచ్చాయి. ఈ 13 ఏళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి? చాంద్రమాన సంవత్సరం 354 రోజులే, ఏటా 11 రోజులు తగ్గుతుంది, సుమారు 33 ఏళ్ళకు ఒక ఏడాది తేడా పడుతుంది అని పెద్దమ్మాయి మెట్లు దిగేలోగా తేల్చింది. మ్యూజియం బాకీ మాత్రం ఇంకా అలాగే ఉన్నది. చిన్నమ్మాయి ఖాతా పుస్తకంలో తన చేత్తో రాసిపెట్టింది.

పొదుపు చేయకూడని చోట్లు కూడా కొన్ని తెలిసివచ్చాయి. అమ్మాయికి తలనొప్పి వస్తే చదువు మీద ఇష్టం లేక అనుకున్నాము. ఆరు నెలల తరువాత కళ్ళ పరీక్ష చేయిస్తే అద్దాలు పడ్డాయి. సాయంత్రం వీధిలో ఆడుకునే గంటను చదువుకోసం కోయకూడదు. ఇంట్లో చదివే పిల్లలకు తోటిపిల్లలు దొరికేది అప్పుడే. ఇక ఇల్లాలి శ్రమ. ఉర్దూ మీడియంలో పది చదివిన మా ఇంటావిడ ఒకవైపు వంట, మరోవైపు ముగ్గురి పాఠాలు నడిపింది. ఇంటి చదువు చవక అని మగవాళ్ళం అనుకునేది ఆ శ్రమకు ఖాతాలో గడి లేకపోవటం వల్లనే. ఉదయం వంట మేము చేయటం మొదలుపెట్టాము. కిచిడీ తప్ప ఏదీ కుదరటం లేదు.

ఫుఫీ వాటా

పెద్దమ్మాయి 2023లో పదో తరగతి పాసైంది. మావాడు భిన్నాల దగ్గర ఆగిపోయాడు. ఒకటిలో ఎనిమిదో వంతు, ఏడులో నాలుగో వంతు అంటే కళ్ళు తేలేస్తున్నాడు. "మీ షరియత్‌లో వారసత్వ లెక్కలుంటాయి గదా మౌల్వీగారూ, వాటితో చెప్పి చూద్దాం" అన్నారు మాస్టారు. మంచి మాటే. బీజగణితానికి పేరు తెచ్చిన అల్ ఖ్వారిజ్మీ పుస్తకంలో పెద్ద భాగం ఈ ఫరాయిజ్ లెక్కలే. పైన చెప్పిన హజ్రత్ జైద్ (రజి) సహాబీలందరిలోకి ఫరాయిజ్‌లో మేటి. సిరాజీ కితాబు మదరసాలో ఎన్నో ఏళ్ళు చెప్పినవాళ్ళం, మాకు ఇదొక లెక్కా అనుకున్నాము. 2024 రమజానులో జకాతు లెక్కలు ముగిశాక ఫరాయిజ్ మొదలుపెట్టాము.

ఉత్తుత్తి లెక్కలు పిల్లలకు రుచించవు. మన ఇంటి లెక్కే చేయండి అన్నాము. దాదా 2004లో పోయారు. దాదీ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఇల్లు ఎలా పంచాలి? మావాడు పలక మీద ఇంటిని 40 భాగాలు చేశాడు. దాదీకి ఎనిమిదో వంతు, అంటే 5. మిగిలిన 35లో కొడుకులకు 14 చొప్పున, కూతురికి 7. తరువాత 2008లో దాదీ కూడా పోయారు. ఆమె 5 భాగాలు మళ్ళీ కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి. మొత్తం కొడుకులకు 16 చొప్పున, కూతురికి 8. "అంటే ఐదింట ఒక వంతు!" అని కేక వేశాడు. భిన్నాలు వాడి చేతికి చిక్కాయి. మాస్టారు భుజం తట్టారు.

పెద్దమ్మాయి పలకనే చూస్తూ అడిగింది. "అబ్బా, మనమూ చాచా చెరి సగంలో ఉన్నాము గదా. మరి ఫుఫీ వాటా ఏదీ?"

మా చెల్లెలు నంద్యాలలో ఉంటుంది. 2009లో మేము, తమ్ముడు ఇల్లు పంచుకున్నప్పుడు "నాకేమీ వద్దు భాయిజాన్, పుట్టిల్లు ఉంటే చాలు" అన్నది. మేమూ సరేనన్నాము. ఊరి ఆనవాయితీకి తలవంచి, అన్నదమ్ములతో మాట పోతుందని భయపడి ఆడపిల్ల అన్న "వద్దు" చెల్లదని, వాటా ముందు ఆమె చేతిలో పెట్టాలని, ఆ తరువాత ఇష్టమైతే తిరిగి ఇస్తుందని మేమే తరగతిలో చెబుతూ వచ్చాము. ఎన్ని సంవత్సరాలో లెక్క లేదు. మాస్టారు మెల్లగా లేచి, రేపు వస్తానని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి తరావీహ్‌లో మా అబ్బాయే ఖుర్‌ఆన్ వినిపించాడు. మా మనసు దాని మీద నిలవలేదు. పండుగ తరువాత ఒక ముఫ్తీసాబును అడిగాము. ఇల్లు ఇప్పటికీ ఆమెది ఐదింట ఒక వంతు ఉన్నదని, వెల ఇస్తే నేటి వెలే ఇవ్వాలని అన్నారు. ఇంటి వెల నేడు ఇరవై లక్షలు. ఆమె వాటా నాలుగు లక్షలు. మా వంతు రెండు లక్షలు, తమ్ముడి వంతు రెండు లక్షలు.

ట్యూషన్లకు, టాబ్లెట్‌కు పోకుండా నెలకు మూడు వేలు మిగులుతున్నాయని ఖాతా పుస్తకం చెబుతున్నది. మొదట ఇరవై వేలు కూడబెట్టి నంద్యాల వెళ్ళాము. చెల్లెలు వద్దంటుందని, మాకు పుణ్యమూ పైకమూ రెండూ దక్కుతాయని లోలోపల ఒక ఆశ ఉన్నదని దాచుకోవటం ఎందుకు? తను కవరు తీసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పదిహేనేళ్ళు పట్టింది భాయిజాన్" అన్నది. తిరిగి ఇవ్వలేదు. అప్పుడే తెలిసింది ఆ "వద్దు" ఎలాంటి వద్దో. మిగిలిన లక్షా ఎనభై వేలు నెలకు మూడు వేల చొప్పున అరవై నెలలు. ఆ భాగహారం మావాడే చేశాడు.

పెద్దమ్మాయి ఈ ఖర్చును ఖాతాలో ఏ గడిలో రాయాలని అడగలేదు. కుడివైపు "ఫుఫీకి 20,000" అని, ఎడమవైపు "భిన్నాలు" అని రాసింది. విషయం తెలిసి మా తమ్ముడు ఒకరోజు వచ్చి, ఆ లెక్క ఒకసారి చూస్తానని పుస్తకం ఇంటికి తీసుకుపోయాడు. మేము ఇంకా అడగలేదు. పిల్లలు ప్రస్తుతానికి కొత్త పుస్తకంలో రాస్తున్నారు.